పెట్టె తెరిచే ముందు ఒక నంబరు

స్విచ్ ఆపేస్తే కరెంటు పోయినట్టే అనుకుంటారు. పోతుంది, నా మొహం. నేను ఇంట్లో కూర్చుని చేసుకున్న పవర్ సప్లైలో నాలుగు కెపాసిటర్లున్నాయి, ఒక్కొక్కటి స్టీలు గ్లాసంత. ప్లగ్గు పీకి చేతిలో పట్టుకున్నా సరే, వాటిలో ఆరువందల వోల్టులు అలాగే ఉంటాయి. చప్పుడుండదు, వేడి ఉండదు, లైటు ఉండదు. ఆరిపోయిన పెట్టె కదా అని వేలు పెట్టినవాడు ఇంకోసారి పెట్టడు.

అందుకని దానికో పద్ధతి ఉంది. కెపాసిటర్లకు అడ్డంగా ఒక రెసిస్టర్ కట్టి ఉంటుంది. స్విచ్ ఆపాక వాటిలో మిగిలిన కరెంటును అది కొద్దికొద్దిగా ఖర్చు చేస్తుంది. దానికి రెండు మూడు నిమిషాలు టైమివ్వాలి. తర్వాత, వరుసగా కలిపిన రెండు బల్బుల వైర్లను కెపాసిటర్ల కొసలకు తాకించాలి. ఇంకా ఏమైనా మిగిలి ఉంటే బల్బులు ఒక్క రెప్పపాటు వెలిగి ఆరిపోతాయి. తర్వాత మీటర్ పెట్టి సున్నా చూపించేదాకా చూడాలి. చిట్టచివర, పిడి మందంగా ఉన్న స్క్రూడ్రైవర్ని రెండు కొసలకూ అడ్డంగా పెట్టాలి. తతంగమంతా కుడిచేత్తోనే. ఎడమచెయ్యి ప్యాంటు జేబులో ఉండాలి, రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా పోతుంది. ఏళ్ళ తరబడి ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేసినవాణ్ణి, నాకొకరు చెప్పేదేమిటి అనుకునేవాణ్ణి.

జహీరాబాద్ వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. రిటైరై రెండేళ్ళు. హైవేకి నాలుగు సందుల ఇవతల, మేడ మీద రెండు గదులు. ఇంటి ఓనరు బీదర్‌లో ఉంటాడు, అద్దె ఫోన్లోనే పంపిస్తాను, మనిషిని చూసి మూడేళ్ళు దాటింది. పెళ్ళి ఒకసారి కుదిరి తప్పింది, తర్వాత నేనే వద్దనుకున్నాను. నాకు ముక్కు మీద కోపం, అది నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గదు.

ఉన్న వ్యసనమల్లా హ్యామ్ రేడియో. సర్కారు పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, ఇంట్లోనే సెట్టు పెట్టుకుని ఎక్కడెక్కడి వాళ్ళతోనో గాలిలో మాట్లాడుకోవడం. మేడ మీద ఈ చివర నుంచి ఆ చివరకు రాగి తీగ కట్టి ఉంటుంది నాకు. ఆ తీగ వల్లే కింద వాటాలో ఉండే వాళ్ళతో చెడింది. వాళ్ళది ఉర్దూ మాట్లాడే కుటుంబం, ఆయనకు లారీ స్పేర్ పార్టుల దుకాణం. నేను మైకు నొక్కినప్పుడల్లా వాళ్ళ టీవీ స్పీకర్లో నా గొంతు గరగరమని వినబడేదట. ఆయన పైకొచ్చి, జర చూసుకోండి సాబ్ అని మర్యాదగానే అన్నాడు. మీ టీవీ మంచిది కొనుక్కోండి అన్నాను నేను. వాళ్ళ స్పీకర్ వైరుకు ఆ గరగర ఆపే చిన్న ముక్క ఒకటి తగిలిస్తే పోయేదానికి, పది నిమిషాల పనికి, ఆ మాటన్నాను. మళ్ళీ ఆయన పైకి రాలేదు. మూడేళ్ళుగా మెట్ల దగ్గర ఎదురుపడితే ఇద్దరం గోడవైపు చూస్తాం.

రోజూ పొద్దున ఏడింటికి నేను మాట్లాడేది ఒక్కరితో. ఆయన నిజామాబాద్‌లో ఉంటాడు, రైల్వేలో టెలిగ్రాఫ్ పని చేసి ఎప్పుడో రిటైరయ్యాడు, నాకంటే పదిహేడేళ్ళు పెద్ద. అన్నా అంటాను. ఎనిమిదేళ్ళుగా మాట్లాడుకుంటున్నాం, ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చలి ఎలా ఉంది, టిఫినేం తిన్నావు, తీగ మీద కోతులు ఎక్కాయా, ఇంతే. ఆ ఇరవై నిమిషాల తర్వాత ఆ రోజుకు నా గొంతుతో పెద్ద పని ఉండదు.

రెండేళ్ళ కిందట అన్నకు చెవులు తగ్గడం మొదలైంది. ఫోన్లో అసలు వినబడదు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, అవతలి సిగ్నల్ బలంగా ఉంటేనే మాట తెలుస్తుంది. నా సెట్టు చిన్నది. ఒకరోజు నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆయనేమో నా పేరు పెట్టి, ఉన్నవా తమ్మీ, ఉన్నవా అని పిలుస్తున్నాడు. నేనున్నాను. ఆయనకు నేను లేను. ఆ రోజు మధ్యాహ్నం అన్నం వండుకోలేదు.

అందుకే ఆ పెట్టె చేశాను. సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్‌కు బలమైన పవర్ సప్లై కావాలి. పాత ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి, ఒక పాడైపోయిన స్టెబిలైజర్ డబ్బా తెచ్చి, రెండు నెలలు కూర్చున్నాను. పెట్టి మాట్లాడిన మొదటి రోజు అన్న ఎంతసేపో నవ్వాడు. పక్కింట్ల కూసున్నట్టున్నవు అన్నాడు.

సొంతంగా చేసుకున్నది కదా, ఏదో ఒకటి సర్దాల్సి వచ్చేది. వారానికో పదిరోజులకో పెట్టె తెరిచేవాణ్ణి. ఆ సంగతి చెప్పగానే అన్న గొంతు మారిపోయింది. ఉద్యోగంలో ఉండగా ఆయన పక్క బల్లమీది మనిషి, ఆపేసిన సెట్టులో చెయ్యి పెట్టి అక్కడే ఒరిగిపోయాడట. అందుకని నాకో షరతు పెట్టాడు. పెట్టె తెరిచే ముందు గాలిలో తనకు చెప్పాలి. అరగంటలో సెట్టు మళ్ళీ కలిపి మాట్లాడాలి. మాట్లాడకపోతే తను నాకు ఫోన్ చేస్తాడు. నేను ఎత్తకపోతే ఈ ఊళ్ళో ఇంకొకరికి చేస్తాడు.

"నీకేమన్న అయితే ఉరికొచ్చేటోళ్ళు ఎవరున్నరు ఆడ? నంబర్ ఇయ్యి, రాసుకుంట" అన్నాడు.

రేపు చెప్తానన్నాను.

ఆ రోజంతా ఫోన్ ముందేసుకుని కూర్చున్నాను. చెల్లెలు ఖమ్మంలో ఉంది. ఆమెకు చెప్తే ఏడుస్తుంది, బస్సెక్కుతుంది, ఇక్కడికి చేరేసరికి సాయంత్రమవుతుంది. ఫ్యాక్టరీ వాళ్ళు, శాలువా కప్పి ఫొటో దిగినవాళ్ళు, సగం మంది హైదరాబాద్ వెళ్ళిపోయారు, మిగతా సగంతో నేనే ఏదో ఒకటి అని ఉన్నాను. గ్యాసు, కరెంటాఫీసు, ప్లంబరు, కొరియరు. ఓనరు బీదర్‌లో. కింద ఆయన నంబరు నా దగ్గర లేదు. ఉన్నా ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? మొత్తం జాబితా కిందిదాకా జరిపి, మళ్ళీ పైనుంచి జరిపాను. ఒంటరితనం అనే మాట నాకు నచ్చదు, జాలి కోసం చెప్పుకునే మాటలా ఉంటుంది. కానీ ఆ రోజు అదే. పంతొమ్మిదేళ్ళు బతికిన ఊళ్ళో, నేను పడిపోతే నా మెట్లెక్కే మనిషి ఒక్కడూ లేడు.

గోడ వారగా నీళ్ళ క్యాను ఉంది. దాని మీద స్టిక్కరు, స్టిక్కరు మీద నంబరు. మొగుడంపల్లి నుంచి ట్రాలీ ఆటోలో వచ్చి మా సందుల్లో నీళ్ళ క్యాన్లు వేసే అతనిది. పదకొండేళ్ళుగా రోజు విడిచి రోజు వస్తాడు. గుమ్మం దగ్గర నిండు క్యాను పెడతాడు, నేను ఖాళీది ఇస్తాను, సార్ అంటాడు, ఊఁ అంటాను. మర్నాడు పొద్దున ఆ నంబరు చదివి వినిపించాను అన్నకు. ఎవరీయన అని అడిగాడు. నా తమ్ముని లెక్క అన్నాను. అన్న ఎంత సంతోషపడ్డాడో. గట్ల ఉండాలె అన్నాడు. ఆ నీళ్ళతనికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. అడిగితే ఎందుకు సార్ అంటాడేమోనని భయం. ఇంకా నిజం చెప్పాలంటే, సరే అంటే ఆ తర్వాత వచ్చినప్పుడల్లా అతనితో మాట్లాడాల్సి వస్తుందేమోనని చిరాకు.

కొన్ని నెలలు ఏ గొడవా లేకుండా నడిచింది. తెరిచే ముందు చెప్పేవాణ్ణి, అరగంటలోపే తిరిగొచ్చేవాణ్ణి. ఒక సంగతి మాత్రం కనిపెట్టి ఉండాల్సింది, పెట్టలేదు. మొదట్లో బల్బుల వైర్లు తాకిస్తే ఏమీ వెలిగేది కాదు, ఎందుకంటే అప్పటికే రెసిస్టర్ తన పని చేసేసేది. వర్షాకాలం దాటాక బల్బులు రెండూ భగ్గుమని వెలగడం మొదలుపెట్టాయి. అంటే రెసిస్టర్ పోయిందని అర్థం. ట్రైనింగుకు వచ్చిన పిల్లలు ఆ పొరపాటు చేస్తే వీపు చీరేసేవాణ్ణి. కానీ నాకు ఆ వెలుగు బాగుండేది. తాకించగానే గదంతా ఒక్క క్షణం పసుప్పచ్చగా అయ్యేది. కొన్నిసార్లు దానికోసమే తెరిచాను, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. ఇంట్లో ఇంకేదీ నేను తాకితే అట్లా పలికేది కాదు.

ఆ రోజు పొద్దున మాట్లాడటం అయ్యాక, లోపల చిన్న మోత వస్తోంది, తెరుస్తున్నానన్నాను. సరే, గడియారం చూస్తున్న అన్నాడు అన్న. ప్లగ్గు పీకాను. మూడు నిమిషాలు ఆగాను. బల్బుల వైర్లు తాకించాను. వెలగలేదు. ఓహో, ఇవాళ రెసిస్టర్ బుద్ధి తెచ్చుకుంది అనుకున్నాను. మీటర్ పక్కనే ఉంది, పెట్టలేదు. నిజంగా జరిగిందేమిటంటే రెండు బల్బుల్లో ఒకటి మాడిపోయింది, వరుసగా కలిపినవి కాబట్టి రెండోదీ వెలగలేదు. కెపాసిటర్లలో కరెంటు కరెంటులాగే ఉంది. నేను స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టాను.

తుపాకీ పేలినట్టు పేలింది. నేను వెనక్కి పడ్డాను, మోచెయ్యి గోడకు కొట్టుకుంది. స్క్రూడ్రైవర్ మొన కరిగి ముద్దయింది, బొటనవేలూ చూపుడువేలూ కాలాయి. చెవుల్లో గుయ్యిమని ఒకటే మోత. స్క్రూడ్రైవర్ బదులు వేలు పెట్టి ఉంటే, అని అప్పుడు తట్టింది. బాత్రూంలోకి వెళ్ళి బకెట్ నీళ్ళలో చెయ్యి ముంచి, తడి నేల మీదే కూర్చుండిపోయాను. ఎంతసేపో తెలీదు. తర్వాత వచ్చి చాప మీద పడుకుంటే కళ్ళు మూతలు పడ్డాయి. సెట్టు సంగతి, అరగంట సంగతి, అన్న సంగతి ఏదీ గుర్తు లేదు.

లేచేసరికి మధ్యాహ్నం రెండయింది. గొంతు పిడచకట్టుకుపోయింది. క్యాను ఎత్తి చూస్తే ఖాళీ. ఆ రోజు నీళ్ళు వచ్చే రోజు, గుమ్మం దగ్గర చూస్తే ఏమీ లేదు. పదకొండేళ్ళలో రాని రోజు లేదు, ఇవాళే దొరికిందా వీడికి అని నోటికొచ్చినట్టు తిట్టాను. కుళాయి నీళ్ళు తాగి, కాలిన చేతికి గుడ్డ చుట్టుకుని, చచ్చినా అడిగే దిక్కు లేదు అని గోడకు చెప్పాను. అప్పుడు దిండు కింద ఫోన్ చూశాను. అన్న పదకొండుసార్లు చేశాడు.

వెంటనే చేశాను. ఎత్తాడు గానీ వినబడటం లేదు. నేనన్నా, నేనే, బతికే ఉన్నా అని మేడ అదిరేలా అరిచాను. నాలుగోసారికి అర్థమైంది ఆయనకు. తర్వాత మెల్లగా అన్నాడు.

"నీ తమ్మునికి జేసిన. గా పేరోళ్ళు ఎవ్వరు ఎరుక లేదన్నడు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఒక్క మాట ఆయనకు ఎట్లా వినబడిందో, అదే వినబడింది. రేపు చెప్తా అన్నా అని పెట్టేశాను.

మర్నాడు పొద్దున మెట్ల మీద క్యాను చప్పుడైంది. తలుపు తీశాను. గుమ్మం దగ్గర క్యాను దించి, ఎప్పటిలాగే సార్ అన్నాడు. నేను ఊఁ అనలేదు. నిన్న ఏడ సచ్చినవ్, నీళ్ళు లేక గొంతెండింది ఇక్కడ అని విరుచుకుపడ్డాను. అతనికి కోపం రాలేదు. నిన్న ఎవ్వరింట్లో ఒక్క క్యాను కూడా వేయలేదు సార్ అన్నాడు. ఎందుకని అడిగితే, భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుంటూ చెప్పుకొచ్చాడు.

పొద్దున్నే ఎవరో నిజామాబాద్ నుంచి ఫోన్ చేశారట, ముసలాయన. ఒక పేరు చెప్పి, కరెంటు కొట్టిందేమో, పోయి చూడు బిడ్డా, పోయి చూడు అని ఏడుస్తున్నాడట. ఆ పేరుగలాయన నాకు ఎరుక లేదు, ఏ సందు, ఏ ఇల్లు అని ఇతను అడిగితే ఆయనకు వినబడలేదు. హైవే దగ్గర, మేడ మీద అని మాత్రం అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

"ఎవరో ఒకరు ఆడ పడి ఉన్నరేమోనని ఫికరైంది సార్" అన్నాడు. "ఎట్ల ఊకుంట?"

క్యాన్లన్నీ ఆటోలోనే పెట్టుకుని, హైవే ఈ పక్క సందులన్నీ తిరిగాడట. మేడ ఉన్న ప్రతి ఇంటి ముందూ ఆగి ఆ పేరు అడిగాడట. తాళం వేసి ఉన్న రెండిళ్ళ తలుపులు బాదాడట. దవాఖానకు పోయి, కరెంటు కొట్టినోళ్ళు ఎవరన్నా వచ్చారా అని అడిగాడట. మధ్యాహ్నం దాకా అదే పని. నేను తలుపు పట్టుకుని నిలబడి వింటున్నాను.

"మీ కిందోళ్ళను కూడ అడిగిన సార్. గా పేరు ఎరుక లేదు, మీద ఒకాయన ఉంటడు, ఆయన పేరేందో తెల్వదు అన్నరు. గాయన మా తీగల సారు, ఆయన కాదు, ఆయనను నేనెరుగనా అని నేనే అన్న. అని మర్లిపోయిన."

నేను ఆ టైములో చాప మీద పడి ఉన్నాను. అతను నా మెట్ల కింద నిలబడి నా పేరు పెట్టి వెతుకుతున్నాడు.

ఇంక దాచడానికి ఏముంది? ఆ పేరు నాదేనని చెప్పాను. నీ నంబరు ఇచ్చింది కూడా నేనే అన్నాను. గుడ్డ చుట్టిన చెయ్యి వెనక్కి పెట్టుకుని ఉన్నాను అప్పటిదాకా, అది ముందుకు తెచ్చి చూపించాను. అతను చేతివైపు చూశాడు, నా మొహంవైపు చూశాడు. పై మెట్టు మీద కూలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పదకొండేండ్ల సంది నీళ్ళేస్తున్న సార్" అన్నాడు. "ఒక్కసారన్న చెప్పిన్రా మీ పేరు?"

లేదు. చెప్పలేదు. అడిగినా, నీకెందుకు అనేవాణ్ణేమో. సిగ్గుతో చచ్చిపోయాను ఆ గుమ్మంలో. అతను మాత్రం లేచి, చెయ్యి అట్లుంటే మీరేం లేపుతారు సార్ అంటూ చెప్పులు విడిచి క్యాను లోపలికి తెచ్చి స్టాండు మీద పెట్టాడు. గుమ్మం దాటి అతను లోపలికి రావడం అదే మొదలు. ఖాళీ క్యాను తనే వెతికి తీసుకున్నాడు. చాయ్ పెడతానన్నాను. నిన్నటివీ ఇవాళ్టివీ కలిపి ఇంకా చాలా ఇళ్ళున్నాయని వెళ్ళిపోయాడు. ఆటో సందు తిరిగేదాకా మేడ మీద నిలబడ్డాను. వెంట వెళ్ళి నాలుగిళ్ళ దగ్గర క్యాన్లు దింపడానికి సాయపడొచ్చు కదా అనిపించింది గానీ, ఏం చెయ్యాలో తెలియని చేతులతో అక్కడే ఉండిపోయాను.

పేలుడుకు ఒక కెపాసిటర్ ఉబ్బిపోయింది. కొత్తది, దాంతోపాటు రెసిస్టరూ, హైదరాబాద్ నుంచి వచ్చి బిగించేసరికి ఐదు రోజులు. ఆ ఐదు రోజులు అన్న ఏడింటికి పిలిచేవాడు, నేను వినేవాణ్ణి, చిన్న సెట్టుతో బదులిచ్చేవాణ్ణి, ఆయనకు వినబడేది కాదు. ఉన్నవని నాకు ఎరుకలే అని చెప్పి, టిఫినేం తిన్నాడో తనే చెప్పి, కట్టేసేవాడు.

ఆరో రోజు పెట్టె కలిపి పిలిచాను. పలికాడు. ముందుగా అడిగింది అదే, వేరే నంబరు ఇయ్యి తమ్మీ, రాసుకుంట అన్నాడు. వేరేది లేదు, అదే ఉంచు అన్నాను.

"గాయన నిన్ను ఎరుగనన్నడు గద. తమ్ముని లెక్క అన్నవు?"

"అబద్ధం చెప్పిన అన్నా."

వినబడలేదేమోనని మళ్ళీ మైకు నొక్కబోయాను. అంతలో అన్న అడిగాడు, మరి ఇప్పుడో అని.

"ఇప్పుడు నా పేరు ఎరుకే ఆయనకు" అన్నాను.

"అయితే సాలు" అన్నాడు అన్న. "గదే ఉంచుత."